దీవికి విహారయాత్ర: ఒక రైతుబిడ్డ లెక్కలు

విహారయాత్ర అనగానే మన కాలేజీలో వినిపించే పేర్లు నాలుగే: అరకు, బొర్రా గుహలు, రామతీర్థం, భీమిలి. ఈ మధ్య అయిదో పేరు ఒకటి వచ్చి చేరింది. అది థాయిలాండు. ఎవరో జనం లేని దీవి, తెల్లని ఇసుక, కొబ్బరిచెట్టుకు కట్టిన ఊయల ఉన్న ఫొటో చూపిస్తారు. అందరం ఒక నిట్టూర్పు విడిచి మెస్సుకు పోతాం. ఆ నిట్టూర్పును కాగితం మీద పెట్టి లెక్క కడితే ఏమవుతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నిశ్శబ్దంగా ఉండే దీవికి పోవాలంటే ఏ దీవికి పోవాలి, ఎప్పుడు పోవాలి, ఎలాగ పోవాలి, అక్కడ ఎలాగ మెలగాలి అన్నవి నాలుగు ప్రశ్నలు. నాకు తోచిన సమాధానాలు మిత్రుల ముందు పెడుతున్నాను.

ఏ దీవి?

మొదట అట్లాసు తెరవండి. థాయిలాండు పడమటి తీరంలో ఫుకెట్, ఫీఫీ, సిమిలాన్ దీవులున్నాయి. ఆ తీరాన్ని తాకే సముద్రం పేరు అండమాన్ సముద్రం. అదే సముద్రానికి పడమటి గట్టు మన అండమాన్ దీవులు. అంటే మనం ఫొటోలో చూసి మురిసిన నీలిరంగు నీరు, పగడపు దిబ్బలు, ఇసుక ఇటు గట్టున కూడా ఉన్నాయన్నమాట. అక్షాంశ రేఖాంశాలతో లెక్క కట్టి చూశాను. విశాఖ నుంచి పోర్టుబ్లేరు సూటిగా 1,200 కిలోమీటర్ల పైచిలుకు. పోర్టుబ్లేరు నుంచి ఫుకెట్ సుమారు 750. మన దేశపు దీవులే అయినా మనకంటే థాయిలాండుకే దగ్గర! అయితే అక్కడికి పోవడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, డబ్బు మార్చుకోనక్కర్లేదు. తెలుగు మాట్లాడేవాళ్ళకు కూడా కొదవ లేదు. ఆ సంగతి తరవాత చెబుతాను.

అండమాన్ నికోబార్‌లో దీవులు, దిబ్బలు, రాళ్ళు అన్నీ కలిపి ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. మనుషులు కాపురం ఉండేవి మూడు పదులు మాత్రమే. వాటిలో నేను ఎంచుకున్నది నీల్ దీవి. 2018 డిసెంబరులో దానికి శహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. అప్పుడే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్టుబ్లేరు శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేరు, జనం నోట పాత పేరు ఉంటాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోవాలి.

నీల్ ఎందుకంటే, ఒకటి, చిన్నది. ఇరవై చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ మూడు వేల మంది ఉన్నారు. రెండు, అది రైతుల దీవి. 1960 దశకంలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలకు అక్కడ భూములిచ్చారు. వాళ్ళు అడవి కొట్టి పొలాలు చేసి, చుట్టుపక్కల దీవులకు కూరగాయలు పంపే స్థితికి తెచ్చారు. ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. ఒకవైపు పగడపు దిబ్బ, ఇంకోవైపు వంగతోట. చేలగట్ల మీద పెరిగిన నాలాంటివాడికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

మనకు కొత్త సముద్రం కాదు

ఈ మాట ఇంట్లో చెబితే మా నాన్న అన్నది ఒకటే. "దీవికి పనికెల్తారు గానీ, సరదాకెవులెల్తార్రా?"

నవ్వులాటగా అన్నా ఆ ప్రశ్నలో మన జిల్లాల చరిత్ర ఉంది. మా చీపురుపల్లి ప్రాంతంలో ముసలివాళ్ళు రంగూన్‌ను రంగం అంటారు. ఇక్కడ వానలు పడక పంట పోయినప్పుడల్లా విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి వేలాదిమంది రంగం పోయారు. రేవుల్లో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాను సైన్యం బర్మాలో అడుగుపెట్టాక ఎంతోమంది అడవుల వెంట నడిచి తిరిగొచ్చారు. చేరనివాళ్ళు దారిలోనే పోయారు. అదే ఏడాది మార్చిలో అండమాన్‌ను కూడా జపాను పట్టుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక రంగం దారి మూసుకుపోయి అండమాన్ దారి తెరుచుకుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మత్స్యకారులు, తాపీపనివాళ్ళు, కూలీలు, చిన్న వ్యాపారులు అక్కడ స్థిరపడ్డారు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. పోర్టుబ్లేరు జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నిలబడితే మన యాస వినబడుతుందని మా ఊరి మేస్త్రి ఒకాయన చెప్పాడు. పదేళ్ళు అక్కడ గోడలు కట్టి వచ్చిన మనిషి. "సెల్యులార్ జైలు చూశావా తాతా?" అంటే "బయటినుంచి చూశాను. లోపలికెల్లడానికి ఒకరోజు కూలి పోతాది గదా" అన్నాడు.

ఆ మాట విన్నాక యాత్ర మీద నా ఆలోచన మారింది. మన ముందుతరం అక్కడ చెమట చిందించింది గాని చుట్టూ చూడలేదు. మనం చూడబోతున్నాం. చూసేవాడికి ఒక బాధ్యత ఉంటుంది కదా అనిపించింది.

ఎప్పుడు?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. దీవి యాత్రకు తేదీ నిర్ణయించేది మన సెలవులు కావు, గాలులు.

నైరుతి ఋతుపవనం కేరళను జూన్ మొదట్లో తాకుతుందని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. అంతకంటే ముందు, మే మూడో వారం ప్రాంతంలో, అది అండమాన్‌కు చేరుతుంది. అక్కణ్ణించి సెప్టెంబరు దాకా వానలే. తరవాత ఈశాన్య గాలులు, బంగాళాఖాతపు వాయుగుండాలు. డిసెంబరు వరకూ నమ్మకం లేదు. పోర్టుబ్లేరులో ఏడాదికి సుమారు 300 సెంటీమీటర్ల వాన పడుతుంది. మన విజయనగరానికి సుమారు 110. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ఆకాశం తేటగా, సముద్రం చెరువులా ఉంటుంది.

థాయిలాండు వెళ్ళే స్తోమత ఉన్న మిత్రులకు కూడా ఇదే సూత్రం, చిన్న మెలికతో. ఆ దేశానికి రెండు తీరాలు. పడమటి తీరం మీద నైరుతి గాలి సూటిగా కొడుతుంది కాబట్టి మే నుంచి అక్టోబరు దాకా వానలు. సిమిలాన్ దీవులను ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంచుతారు. సముయ్, తావ్ దీవులున్న తూర్పు సింధుశాఖలో పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మనకు హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో వచ్చినట్టే అనుకోండి. తీరం ఏ దిక్కుకు చూస్తుందో తెలియకుండా టికెట్టు కొంటే హోటలు గదిలో కూర్చుని వాన చూడవలసి వస్తుంది.

మరి మన సంగతి? ధాన్యం కుప్పలు నూర్చి ఇంటికి చేరేది సంక్రాంతికి. మినుము, పెసర కోతకు రావడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఇంట్లో నా చేతులతో పెద్దగా పని ఉండదు. విద్యార్థికి అనుకూలమైనది పరీక్షలయ్యాక ఏప్రిల్, మే. కాని ఏప్రిల్ నాటికి దీవిలో బావులు అడుగంటుతాయి, మే చివరికి వాన దిగుతుంది. అందుచేత నా లెక్క కనుమ దాటిన వారానికి కుదిరింది. అటెండెన్సు విషయంలో మా లెక్చరర్లు ఈ వ్యాసం చదివి దయతలుస్తారని ఆశ.

ఎలాగ?

చీపురుపల్లిలో రైలెక్కితే విశాఖకు రెండు గంటలు. ఆపైన ఓడ. కోల్‌కతా, చెన్నైల నుంచి ఎక్కువ ఓడలు పోతాయి, విశాఖ నుంచి తక్కువ. ఓడ తేదీలు నౌకాశాఖ ప్రకటించాకే మనకు తెలుస్తాయి. కాబట్టి ముందు ఓడ తేదీ, తరవాత మన ప్రణాళిక. తారుమారు చేస్తే కుదరదు. కుదరకపోతే చెన్నై దాకా రైలు, అక్కణ్ణించి ఓడ గాని విమానం గాని. విమానానికి రెండు గంటల పైచిలుకే. కాని నా సలహా, ఒక్కసారైనా ఓడలో పొమ్మని.

విశాఖ నుంచి ప్రయాణం దాదాపు 56 గంటలు. దూరాన్ని భాగిస్తే గంటకు 22 కిలోమీటర్లు వస్తుంది. మా ఊళ్ళో కుర్రాళ్ళు సైకిలు జోరుగా తొక్కితే ఆ వేగం పోతారు! అన్నిటికంటే చవక తరగతి బంక్. రైలు స్లీపరులాగ అరలు, పెద్ద హాలు. వికారం వస్తుందని భయం వద్దు. కారణం తెలిస్తే సగం తగ్గుతుంది. లోపలిచెవిలోని ద్రవం "కదులుతున్నావు" అంటుంది, గదిగోడ చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఆ రెంటి తగువే వికారం. డెక్కు మీదకొచ్చి ఆకాశమూ నీరూ కలిసే గీతను చూస్తే కన్ను చెవితో రాజీపడుతుంది. ఓడ మధ్యభాగంలో ఊగిసలాట తక్కువ. కడుపు ఖాళీగా ఉంచకూడదు. అటుకులు, బెల్లం, ఊరగాయ వెంట ఉంచుకోవాలి.

పోర్టుబ్లేరు నుంచి నీల్ సుమారు 37 కిలోమీటర్లు. సర్కారు పడవలో రెండు గంటలు, ప్రైవేటు పడవలో ఇంకా తక్కువ. సర్కారు పడవ మనకు విహారం, దీవివాళ్ళకు ఆర్టీసీ బస్సు. ఆస్పత్రికి, కోర్టుకి, కూరగాయల బుట్టతో బజారుకి వాళ్ళు పోయేది అందులోనే. గాలి ముదిరితే పడవలు ఆపేస్తారు. కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం తప్పనిసరి.

నా పట్టీ ఇది: మూడు రోజులు ఓడ. నాలుగో రోజు పోర్టుబ్లేరు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేసిన సెల్యులార్ జైలు, లోపలికెళ్ళి, మా మేస్త్రి తాత తరపున కూడా చూడాలి. అయిదు నుంచి ఎనిమిది దాకా నీల్‌లో. తొమ్మిదో రోజు పోర్టుబ్లేరు, పదో రోజు ఖాళీ. ఆపైన ఏ ఓడ దొరికితే ఆ ఓడ. డబ్బు మాటకొస్తే, పోయిన వేసవిలో జీడిపిక్కలు ఏరిన కూలి దాచుకున్నాను. మిగతాది ముగ్గురు స్నేహితులం గది పంచుకుని, బెంగాలీ హోటల్లో అన్నం, చేపలకూర తిని సరిపెట్టాలి.

ఇంకో చిన్న లెక్క. దీవులు మనకు తూర్పున తొమ్మిది డిగ్రీల దూరంలో ఉన్నాయి, గడియారం మాత్రం అదే. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ మనకంటే సుమారు 37 నిమిషాలు ముందు నడుస్తాడు. జనవరిలో సాయంత్రం అయిదున్నర దాటితే చీకటే. పొద్దున్నే లేవనివాడు సగం దీవి పోగొట్టుకుంటాడు.

బావి ఎంత లోతు?

మా నాన్న రెండో ప్రశ్న ఇది. "ఒరే, సుట్టూ ఉప్పునీరే గదా, బావిలో మంచినీరెలాగొస్తాది?" ఏ యాత్రా పుస్తకంలోనూ కనిపించని ఈ ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది.

చిన్న దీవిలో మంచినీరంటే కురిసిన వానే. అది ఇసుకలో, పగడపు రాతిలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీటి సాంద్రత 1.025, మంచినీటిది 1. తేడా నలభయ్యో వంతు. ఈ లెక్కన సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే కింద నలభై అడుగులు ఉంటుంది. భూతద్దం ఆకారంలో మధ్యలో లావుగా, అంచుల్లో పలచగా. వినడానికి బాగుంది గాని దీన్ని తిరగేసి చూడండి. తోడితోడి పైమట్టం ఒక అడుగు దించితే కాలక్రమాన కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకొస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ తేరుకోవడానికి ఎన్నో వానాకాలాలు పడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన లేదు. యాత్రికులు వచ్చేదీ ఆ నెలల్లోనే. హోటలు గదిలో షవరు కింద మనం అరగంట నిలబడితే ఆ నీరు ఎవరి వంగతోటది? రైతు ఇంట పుట్టినవాడికి ఈ ప్రశ్న వేరేవాళ్ళు గుర్తుచెయ్యనక్కర్లేదు. బక్కెట్టు నీళ్ళతో స్నానం చెయ్యడం మనకు తెలుసు. ఆ అలవాటునే పెట్టెలో సర్దుకుని తీసుకుపోదాం.

పోటు, పాటు, పంచాంగం

నీల్‌లో సముద్రం కోసి మలిచిన సహజమైన రాతి వంతెన ఒకటి ఉంది. దాని దగ్గరికి నీరు తీసినప్పుడే నడవగలం. కాబట్టి ఆటుపోట్ల లెక్క కావాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరసలో లాగుతారు గనక నీరు బాగా పైకొచ్చి, బాగా కిందికి పోతుంది. అష్టమి నాడు తేడా తక్కువ. విత్తనాలకు మా నాన్న చూసే పంచాంగమే నాకు దీవిలో పనికొస్తుందన్నమాట! పౌర్ణమికి, అమావాస్యకు దగ్గర రోజుల్లో అక్కడుంటే రాళ్ళ మడుగుల్లో నక్షత్రచేపలు, సముద్రదోసకాయలు కాళ్ళ దగ్గరే కనబడతాయి. ఏ గంటకు నీరు తీస్తుందో ఊళ్ళోవాళ్ళను అడిగి బయల్దేరాలి. తిరిగి పోటెక్కే ముందే ఒడ్డుకు రావాలి.

అడుగు ఎక్కడ వేస్తున్నామో కూడా చూసుకోవాలి. రాయిలా కనిపించేది రాయి కాకపోవచ్చు. పగడం ప్రాణి. దాని కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. ఎండతో ఆహారం చేసి పగడానికి పెట్టేది అవే, రంగు ఇచ్చేవీ అవే. నీరు మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ శైవలాలను గెంటేసి తెల్లబారుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2010 వేసవిలో అండమాన్ సముద్రం రెండు గట్లా ఇదే జరిగింది. 2011 మొదట్లో థాయిలాండు కొన్ని పగడపు దిబ్బల దగ్గర ఈతను, మునకలను ఆపేసింది. వేడిని మనం ఒక్కరం ఆపలేం. తొక్కకుండా ఉండగలం. పగడపు ముక్క ఒక్కటి జేబులో వేసుకున్నా వన్యప్రాణి చట్టం కింద నేరమని కూడా గుర్తుంచుకోవాలి. అలాగే ఆదిమ జాతుల నివాసాలకు పోకూడదు. 1956 నుంచే వాటికి రక్షణ శాసనం ఉంది. జారవాలు మన ఎగ్జిబిషను వస్తువులు కారు. మొసళ్ళ హెచ్చరిక బోర్డున్న చోట నీళ్ళలో దిగకూడదు.

నిశ్శబ్దం ఎవరిది?

చివరగా ఒక ఉదాహరణ. థాయిలాండులో ఫీఫీ లే అనే చిన్న దీవిలో మాయా బే అని ఒక అందమైన తీరం ఉంది. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో దానికి లోకమంతా పేరొచ్చింది. తరవాత రోజుకు వేలల్లో జనం దిగారు. పడవల లంగర్లకు, జనం కాళ్ళకు పగడాలు నలిగిపోయాయి. 2018 జూన్‌లో ప్రభుత్వం దాన్ని మూసేసింది. మూడున్నరేళ్ళు మనిషి అడుగు పడలేదు. మళ్ళీ పగడాలు నాటారు, సొరచేప పిల్లలు వచ్చి చేరాయి. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవలు ముందువైపు రాకూడదన్నారు, ఈత వద్దన్నారు, గంటకు ఇంతమందే అన్నారు. అప్పటినుంచి ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో విశ్రాంతి ఇస్తున్నారు. మేం చేనుకు బీడు వదిలినట్టే!

నిశ్శబ్దమైన దీవి కావాలని అందరం అంటాం. ఆ నిశ్శబ్దం ఊరికే పుట్టలేదు. పడవలు కొద్ది కాబట్టి, నీరు కొద్ది కాబట్టి, గాలి ఒప్పుకున్న నాలుగు నెలలే కాబట్టి అది నిలిచింది. ఆ హద్దులు మనకు అడ్డంకులనుకుంటే యాత్ర చెడుతుంది. అవే దీవికి గట్లు అనుకుంటే మన ప్రణాళిక దానంతటదే కుదురుతుంది. కార్తె చూసి విత్తే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు.

మా నాన్న మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే: దీవికి పనికి పోయినవాళ్ళ పిల్లలు చూడ్డానికి కూడా పోవచ్చు. కాని షావుకారులాగ కాదు, చుట్టాల్లాగ. చుట్టం పంటల వేళ చూసుకుని వస్తాడు, ఇంట్లో ఉన్నది తింటాడు, బావి సంగతి అడుగుతాడు, విసుగు పుట్టకముందే సెలవు తీసుకుంటాడు. మిత్రులారా, ఆ మర్యాద తెలిసిన ఇంకో ఇద్దరు దొరికితే మా గదిలో ఒక మంచం ఖాళీ ఉంది!